వెండెలిన్ హాక్ చెయ్యి

1953 జూన్ 7, ఆదివారం

మందుల షాపు ఫిక్ వచ్చి వెళ్ళాడు. ఆయన తాగిన కాఫీ కప్పు ఇంకా బల్ల మీదే ఉంది. కడగబుద్ధి కావడం లేదు. గోడకేసి కొడదామంటే అది మా అమ్మ సెట్టులోది.

షూటింగ్ క్లబ్బుకి డెబ్బై ఐదేళ్ళు నిండుతున్నాయట. ఆగస్టు ఆఖరి ఆదివారం రాజు పోటీ (గురిలో గెలిచినవాడే ఆ ఏడాదికి క్లబ్బు రాజు) అవగానే ఒక పుస్తకం అచ్చు వేస్తారట. క్లబ్బు కార్యదర్శి కాబట్టి రాసేది ఫిక్. నాన్న ఫొటో కావాలని వచ్చాడు. "మంచిది చూసి ఇవ్వండి టిల్లీ గారూ, టోపీ లేనిది" అన్నాడు. నేను సంబరపడిపోయి ఆల్బమ్ తెచ్చి ఒళ్ళో పెట్టాను. ముందు ఏం రాశావని అడగొద్దూ? నా బుద్ధి ఎప్పుడూ అంతే.

తర్వాత అడిగితే చదివాడు. "వెండెలిన్ హాక్ చేసిన తుపాకీ గొట్టాలు ఒకప్పుడు విస్కాన్సిన్ మొత్తానికి మొదటి వరసలో ఉండేవి. చివరి రోజుల్లో ఆయన చెయ్యి అయిపోయింది. ఆ చివరి వాటిని నమ్మడానికి లేదు."

"ఎవరన్నారు?" అన్నాను.

"అందరూ అనేదే కదండీ."

"అందరూ అంటే ముంక్."

"ముంక్ గారొక్కరే అని కాదు గానీ..." అని కేకు ముక్క పెద్దది నోట్లో పెట్టుకున్నాడు, ఇంక మాట్లాడే పని లేకుండా.

ఫొటో ఇవ్వలేదు. ఆల్బమ్ మూసేసి, "మీ షాపులో ఎవరైనా ఎదురుచూస్తుంటారేమో" అన్నాను. ఆదివారం షాపు మూసి ఉంటుందని ఇద్దరికీ తెలుసు. పాపం, మర్యాదస్తుడు, లేచి వెళ్ళాడు.

1921లో ఏం జరిగిందో ఈ డైరీకి చెప్పక్కర్లేదు. కానీ కోపంగా ఉంది, రాస్తాను. ఆ చలికాలం నాన్న ఒకే ఉక్కు కడ్డీ నుంచి రెండు గొట్టాలు చేశాడు. ఒకటి బాల్థజార్ ముంక్‌కి, ఒకటి అల్లుడు కదా అని మా ఎమిల్‌కి. ముంక్ సాసేజ్‌ల కొట్టు వాడే గానీ జిల్లాలో అతన్ని మించిన గురి ఎవరికీ లేదు. రెండు వారాలు ప్రాక్టీసులో ఆ గొట్టం ఇరగదీసింది. ఆ ఏడు రాజు ముంకేనని జనం ముందే పందేలు కాసుకున్నారు. తీరా పోటీ రోజు మూడు గుళ్ళూ మూడు దిక్కులకి పోయాయి. ఎమిల్‌వీ అంతే. కానీ ఎమిల్ ఎప్పుడూ అంతే కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. ముంక్ ఆ కాల్చే అరుగు మీదే నిలబడి, ఊరంతా ఉండగా, "రెండు వారాలకే చచ్చే గొట్టం ఏం గొట్టం? హాక్ చెయ్యి అయిపోయింది" అని అరిచాడు. నాన్న ఆ తుపాకీని చేత్తో ముట్టుకోలేదు. "నా గొట్టం తప్పదు. తప్పింది నీ కన్ను" అని టోపీ పెట్టుకుని ఇంటికొచ్చేశాడు. 

మన వాళ్ళలో తుపాకీ ఎవరిదని అడగరు, గొట్టం ఎవరిదని అడుగుతారు. ఆ రోజు తర్వాత గొట్టం చేసిపెట్టమని నాన్న దగ్గరికి ఒక్కడు రాలేదు. మూడేళ్ళు మిషను మీద దుప్పటి కప్పి ఉంచి, పోయాడు.

జూన్ 8

రాసుకోనీ. నాకేం పట్టింది.

జూన్ 9

నాకేం పట్టింది.

జూన్ 13

హాల్లో బీరువా ఇటు జరుపుదామని ఎమిల్ తుపాకీ గోడ మీంచి దించాను. బీరువా కోసమే. నాలుగేళ్ళయింది ఎమిల్ పోయి, ఇంకా అది అక్కడ ఎందుకు.

దించాను కదా అని మిల్వాకీలో పాత తుపాకులు కొనే ఆయనకి ఫోన్ చేశాను. "హాక్ గొట్టమా! అయ్యో అమ్మా, ఎక్కడ దాచారు ఇన్నాళ్ళు?" అని ఎగిరి గంతేసినంత పని చేశాడు. "ఏ ఏడాదిది?" అన్నాడు. చెప్పాను.

"ఓ" అన్నాడు.

ఆ "ఓ" చెవిలోంచి పోవడం లేదు. పాత హాక్ అయితే చూడకుండా కొంటానన్నాడు. చివరిది అయితే గోడకి అందంగా ఉంటుంది, ఉంచుకోండి అన్నాడు. ఈయన మా ఊరు ఎన్నడూ రాలేదు. ముంక్‌ని ఎన్నడూ చూడలేదు. మాట మాత్రం ముందే చేరింది.

జూన్ 21

ఈ రోజు కాల్చాను.

పెరటి షెడ్డులో నాన్న గొట్టాలు పరీక్ష చేసిన బల్ల అలాగే ఉంది. రెండు వందల గజాల అవతల మట్టిగుట్టా అలాగే ఉంది, గడ్డి పెరిగింది. నిన్న సీసం కరిగించి గుళ్ళు పోశాను. చిన్నప్పటి నుంచి నాన్నకి నేనే పోసేదాన్ని, చెయ్యి మర్చిపోలేదు. తుపాకీని బల్ల మీద దిండ్లకి ఆనించి, ఊపిరి బిగబట్టి, పది కాల్చాను. ఇలా ఆనించి కాల్చినప్పుడు మనిషి తప్పుకి చోటుండదు. అంతా గొట్టమే చెప్పాలి.

నడుచుకుంటూ వెళ్ళి కాగితం చూశాను. ఒకటి ఇక్కడ, ఒకటి అక్కడ. తలగడంత మేర చిందరవందరగా. రెండు గుళ్ళు అసలు కాగితానికే తగల్లేదు.

అక్కడే గడ్డిలో కూర్చుని ఏడ్చాను. యాభై ఆరేళ్ళ దాన్ని.

జూన్ 22

ఆ చలికాలం నాన్న కొలిచే పరికరం నా చేతికిచ్చి "ఎంతుందో చదవవే" అనేవాడు. వెలుతురు సరిగ్గా లేదనేవాడు.

వెలుతురు లేకే.

జూన్ 24

ముందు తేదీ వేశాను గానీ కుర్చీలో కూర్చోలేకపోతున్నాను. సంతోషంతో.

నాన్న ఏ గొట్టం చేసినా ఆఖర్న ఒక పని చేసేవాడు. ఒక గుండుని మూతి లోంచి కొంచెం దూరం తోసి, మళ్ళీ వెనక నుంచి కడ్డీతో నెట్టి బయటికి తీసేవాడు. దాని ఒంటి మీద గొట్టం లోపలి గాడుల గుర్తులు పడతాయి. కళ్ళజోడు పెట్టుకుని దాన్ని తిప్పి తిప్పి చూసి, "సాక్ష్యం సరిపోయింది" అనేవాడు. ఈ పొద్దున లేవగానే నాకెందుకో అది చెయ్యాలనిపించింది. అసలు నమ్మకంతో కాదు. కాగితం చూసిన తర్వాత ఇంక నమ్మకం ఏముంది, శవాన్ని కూడా ఒకసారి చూసి పెట్టెలో పెడతాం కదా, అలా.

గుండు బయటికి వచ్చింది. ఎనిమిది గాడులకి ఎనిమిది గుర్తులుండాలి. పదహారు ఉన్నాయి. ప్రతి గుర్తు పక్కనే ఇంకో గుర్తు, వెంట్రుకవాసి దూరంలో. గుండుని ఒకసారి కాదు, రెండుసార్లు కోసినట్టుంది.

రెండుసార్లు ఎవరు కోస్తారు?

ఇంటికి కాఫీకి వచ్చిన ప్రతివాడికీ నాన్న చెప్పే పాఠం నాకింకా నోటికొచ్చు. "గొట్టానికి ప్రాణం మూతి దగ్గరే. గుండు ఎక్కించేటప్పుడు మూతి గీసుకుపోతే ఇంక ఆ తుపాకీ పొయ్యిలోకే. అందుకని కొస రెండంగుళాలు కోసేస్తాను. మేకులతో మళ్ళీ దాని చోట దాన్నే పెట్టి, రెంటినీ కలిపి లోపల గాడులు కోస్తాను. తర్వాత విడదీస్తాను. ఆ ముక్కే దొంగమూతి. గుండు ఎక్కించేటప్పుడు దాన్ని కొసకి తగిలించు, గుండు దాన్లోంచి తొయ్యి, దాన్ని తీసెయ్యి, అప్పుడు కాల్చు. దెబ్బలన్నీ అది తింటుంది, అసలు మూతి పెళ్ళికూతురిలా ఉంటుంది."

కలిపి కోసినప్పుడు గాడికి గాడి అతికినట్టు ఉండాలి. నేను గుండు తోసింది ఎమిల్ తుపాకీతో పాటున్న దొంగమూతి లోంచే, గుర్తులు రెండేసి పడ్డాయంటే ఈ దొంగమూతి ఈ గొట్టానిది కాదు.

కాకపోతే ఎవరిది? ముంక్‌ది! ఆ రెండూ ఒకే చలికాలంలో చేసినవి. ఎమిల్ దగ్గరున్నది ముంక్‌ది, ముంక్ దగ్గరున్నది మాది. ముప్పై రెండేళ్ళుగా! వంటింట్లో గరిటె పట్టుకుని చిందులేశాను. పక్కింటావిడ కిటికీలోంచి చూసింది. చూడనీ.

(ఒకటి మాత్రం ఉంది. నాన్న ప్రతి గొట్టానికీ మేకుల కంతలు వేరే వేరే ఎడంతో వేసేవాడు, ఒకదాని మూతి ఇంకోదానికి ఎక్కకుండా. ఈ రెంటికీ ఒకే అచ్చు వాడి ఉండాలి. కొత్త అచ్చు గీయాలంటే కళ్ళు బాగుండాలి. వెలుతురు లేక కాదు. సరే. కళ్ళు పోయాయి. చెయ్యి పోలేదు. ఇవి రెండూ ఒకటి కాదు.)

జూన్ 28

ముంక్ ఇంటికి వెళ్ళాను. మార్చేసింది ఆయనే అయి ఉండాలి, ఇంకెవరు. ఆ విషయం మొహం మీదే అడుగుదామని.

డెబ్బై ఏళ్ళొచ్చినా మనిషి గుమ్మానికి సరిపోయేంత ఉన్నాడు. కొట్టు అల్లుడికి అప్పజెప్పాడు గానీ సాసేజ్‌లకి పొగ పెట్టే గది తాళం చెవి మాత్రం ఇంకా తన జేబులోనే. సాసేజ్‌లు తిప్పుతూ అంతా విన్నాడు.

"అయిపోయిందా?"

"మీ గోడ మీదున్న ఆ తుపాకీ, దాని దొంగమూతి ఒక్కసారి ఇవ్వండి ముంక్ గారూ. ఒక గంట చాలు."

"ఇవ్వను."

"ఎందుకివ్వరు?"

"చూడమ్మాయ్, మీ నాన్న నా ముందు నిలబడి నీ కన్ను తప్పిందన్నాడు. ఊరందరి ముందు. నా కన్ను! ఆ తర్వాత కూడా ఇంకో గొట్టంతో ఆరుసార్లు రాజునయ్యాను. మరి కన్నెలా తప్పిందంటావ్?"

"కన్నూ తప్పలేదు, గొట్టమూ తప్పలేదు. అదే కదా నేను చెప్పేది!"

"ఇప్పుడు అది నిజమని తేలితే నేనేమవ్వాలి? ఉత్త నోటి దూలతో ఒక మనిషి పనిని చంపినోణ్ణి అవ్వాలి. ఇవ్వను, పో."

ఆ మాట ఆయన నోటి నుంచే వచ్చింది, నేను అనలేదు. అన్నాక తనకే తెలిసినట్టుంది, అటు తిరిగిపోయాడు. గేటు దాకా వచ్చాక వెనక నుంచి కేకేసి, కాగితంలో చుట్టిన సాసేజ్‌ల పొట్లం చేతిలో పెట్టాడు. "ఊరికే పంపించానని మా ఆవిడ తిడుతుంది" అన్నాడు.

బాగున్నాయి సాసేజ్‌లు. అదే నా మంట.

జూలై 2

వెల్లుల్లి రెండు రెబ్బలు ఎక్కువ వేశాడు. లేకపోతే బాగున్నాయి.

జూలై 10, శుక్రవారం

చర్చి హాల్లో చేపల వేపుడు విందు. క్యూలో నా వెనక వాల్బుర్గా ముంక్ నిలబడింది. నాకంటే పదేళ్ళు పెద్దది, నా పెళ్ళికి కేకు చేసింది. బంగాళదుంపల సలాడ్ వడ్డించుకుంటూ మోచేత్తో నా డొక్కలో పొడిచింది.

"ఒసేయ్ టిల్లీ, నీ సంచీ తెరువు."

తెరిచాను. తన చేతిరుమాలులో చుట్టిన బరువైనదేదో అందులో జారవిడిచింది.

"వాల్బుర్గా! ఆయన..."

"నోర్మూసుకుని చేప తిను. నువ్వొచ్చి వెళ్ళినప్పటి నుంచి రోజూ ఆ తుపాకీ కింద కుర్చీ వేసుకుని కూర్చుంటున్నాడు. చూస్తాడు, ముట్టుకోడు. నిద్రలో మీ నాన్నతో పోట్లాడుతున్నాడు. నలభై ఏళ్ళు కాపురం చేశాను, ఆయన గోల ఆయనకే తెలుసనుకుంటాడు. తొందరగా తేల్చు, నాకు నిద్ర లేదు."

చేప ఎలా ఉందో నాకు తెలీదు.

జూలై 11

తగిలించాను. వాల్బుర్గా ఇచ్చిన దొంగమూతి మేకులు కంతల్లోకి వెళ్ళాయి, అవి ఎలాగూ వెళ్తాయి. గుండు తోసి, నెట్టి, తీశాను. ఎనిమిది గుర్తులు. శుభ్రంగా, పదునుగా, ఎనిమిదే. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ లెక్కపెట్టాను. నాన్న అనే మాట పైకే అన్నాను, షెడ్డులో ఎవరూ లేకపోయినా.

తర్వాత పది కాల్చాను. గడ్డిలో నడవలేదు, పరిగెత్తాను. కాగితం ముందు నిలబడి ముందు ఒకటే తగిలిందనుకున్నాను. ఒకటి కాదు. పదీ! ఒకదాన్నొకటి కరుచుకుని ఒక చిరుగుగా ఉన్నాయి. అమ్మ కాఫీ కప్పు తెచ్చి అడుగు ఆనించి చూశాను. పూర్తిగా కప్పేసింది.

నాన్నా! చూశావా!

అరిచాను. పక్కింటావిడ మళ్ళీ చూసింది. ఈసారి చెయ్యి ఊపాను.

సాయంత్రం ఇంకోటి గుర్తొచ్చింది. ఆ రెండు వారాల ప్రాక్టీసులో ఎమిల్ ఒక పంది తొడ బహుమతిగా గెలుచుకొచ్చాడు. గుడ్డి దెబ్బ అని నేనూ నాన్నా ఎంత ఏడిపించామో. తర్వాత చచ్చేదాకా ఒక్కటీ గెలవలేదు. తన మీద తనే జోకులేసుకుంటూ బతికాడు. నువ్వు మరీ అంత చెడ్డ గురికాడివి కాదు ఎమిల్. గొట్టానికి తన మూతి ఉన్న ఆ రెండు వారాలు నువ్వూ మొనగాడివే.

జూలై 12, ఆదివారం

చర్చి నుంచి వచ్చి ఆప్రాన్ కట్టుకుంటున్నానో లేదో, తలుపు మీద దబదబమని దెబ్బలు. ముంక్. భుజాన తుపాకీ, మొహం ఎర్రగా.

"దొంగలు! ఆడవాళ్ళందరూ దొంగలు! నా ఇంట్లో నా గోడ మీద వస్తువు..."

కాగితం తెచ్చి బల్ల మీద పెట్టాను. కప్పు తెచ్చి దాని మీద పెట్టి, తీశాను.

ఆయన కుర్చీలో కూర్చున్నాడు. కాగితాన్ని చేత్తో తడిమాడు. వెలుతురుకి ఎత్తి పట్టుకుని ఆ చిరుగులోంచి కిటికీ వైపు చూశాడు. చాలాసేపు. నేను చెర్రీ పళ్ళ కేకు కోసి పెడితే, చూడకుండానే రెండు ముక్కలు తినేశాడు.

"ఆనించి కాల్చావా?"

"మరి నిలబడి కాల్చడానికి నేను ముంక్‌నా?"

నవ్వాడు. ఆపుకుందామనుకున్నా ఆగని నవ్వు. "పద, నాదీ చూద్దాం" అన్నాడు.

తన తుపాకీకి, ఇన్నాళ్ళూ ఎమిల్ దగ్గరున్న తన దొంగమూతి తగిలించాడు. పది కాల్చాడు. ఇద్దరం కలిసి నడిచి వెళ్ళాం. ఆయనకి మోకాళ్ళ నొప్పి, నాకు తొందర. నాది కప్పు అడుగంత అయితే ఆయనది ఇంకా చిన్నది. అప్పటికి నవ్వు పోయింది. మట్టిగుట్టకి చెయ్యి ఆనించి నిలబడి, "ఎంత గొట్టమే ఇది. ముప్పై రెండేళ్ళు గోడకి ఉరేశాను" అన్నాడు. కళ్ళనిండా నీళ్ళు. దాచుకోలేదు.

నేను అప్పుడైనా ఊరుకోవచ్చు. ఊరుకుంటే నేనెందుకవుతాను. "ఆ పోటీ రోజు తుపాకులు చూసి తుడుచుకుని ఉంటే మూతులు మారేవి కాదుగా ముంక్ గారూ" అన్నాను, ఎత్తిపొడుపుగా.

ఆయన నా వైపు ఒక రకంగా చూశాడు. "టిల్లీ, ఆ పొద్దున నేను తుడవలేదే. బీరు బల్ల దగ్గరున్నాను. రెండు తుపాకులూ తుడిచి పెట్టింది మీ ఎమిల్. నాకు సాయం చేద్దామని."

జూలై 13

ఈ రోజు రాయడానికేమీ లేదు. చెర్రీ పళ్ళతో జామ్ చేశాను.

జూలై 14

ముంక్ అబద్ధం చెబుతున్నాడేమో.

జూలై 16

చెప్పడం లేదు. ఎమిల్ అందరి పనులూ ముందుకొచ్చి చేసేవాడు, సగం తప్పుగా చేసేవాడు. ఉప్పు డబ్బాలో పంచదార పోసిన మనిషి. అందుకే చేసుకున్నాను కూడా.

తన చేత్తో తుడిచి, తన చేత్తో మార్చి పెట్టి, మామగారి పని చంపి, అది తెలియకుండానే, చచ్చేదాకా నవ్వుతూ, పోయాడు. తెలియకపోవడమే మంచిదైంది. తెలిస్తే ఆ నవ్వు ఉండేది కాదు.

ఆగస్టు 2

ఫిక్‌ని పిలిచి కాగితాలు రెండూ చూపించాం. ఆయన కంగారుపడ్డాడు. "అద్భుతమండీ, నిజంగా అద్భుతం. కానీ పెరట్లో కాల్చింది పుస్తకంలో ఎలా రాయను? మీరు కూతురు. రేపు మిల్వాకీ నుంచి ఒకడు అడుగుతాడు. క్లబ్బు గోడ మీద ఉంటే ఎవడూ నోరెత్తడు."

గోడ అంటే రాజుల బిళ్ళల గోడ. ప్రతి ఏటా రాజు గుర్తుగా ఒక చెక్క బిళ్ళకి రంగులేసి వేలాడదీస్తారు. దాని మీద రాజు పేరు, దాని కింద గొట్టం చేసినవాడి పేరు. నాన్న పేరు ఆ గోడ మీద పంతొమ్మిది బిళ్ళల మీద ఉంది. ఆఖరిది 1920.

"అయితే ఇరవయ్యోది పెడదాం" అన్నాడు ముంక్.

"మీరా? మోకాళ్ళు?" అన్నాడు ఫిక్.

"మోకాళ్ళతో కాలుస్తానటయ్యా?"

ఫిక్ వెళ్ళాక నేనే ఎత్తాను. "మూతులు ఎవరు మార్చారో కూడా పుస్తకంలో రాయాలి. లేకపోతే సగం నిజమే. నేను చెబుతాను."

"చెప్పగలవా?"

"చెబుతాను" అన్నాను. నాన్న పేరు కడగాలంటే ఎమిల్ పేరు మీద బురద పడాలి. వేరే దారి కనబడ్డం లేదు. ఇద్దరూ నావాళ్ళే.

ఆగస్టు 9

ముంక్ రోజూ పొద్దున్నే వస్తున్నాడు. నేను గుళ్ళు పోస్తున్నాను, తుపాకీ మందు తూచి వెనక నుంచి పెట్టే తూటాల్లో నింపుతున్నాను, ఆయన నిలబడి కాలుస్తున్నాడు. నా మీద అరుస్తాడు, నేను ఆయన మీద అరుస్తాను. వాల్బుర్గా మధ్యలో కాఫీ పోస్తుంది. నాన్న ఉన్నప్పుడు ఈ షెడ్డులో ఇంతే గోలగా ఉండేది.

ఆగస్టు 20

చెబుతాను. చెప్పను. చెబుతాను.

ఆగస్టు 30, ఆదివారం

బ్యాండు, జెండాలు, బీరు పీపాలు, ఎండ. ఊరు ఊరంతా ఉంది. నేను దొంగమూతి చేతిలో పెట్టుకుని అరుగు పక్కనే ఉన్నాను, గుండు ఎక్కించే పని నాదే. ఎక్కించేవాళ్ళు ఆడవాళ్ళు కాకూడదని ఏ రూల్లోనూ లేదు, ముందే ఫిక్ చేత చదివించాను.

ఒక్కొక్కరికి మూడు గుళ్ళు. సరిగ్గా మధ్యలో తగిలితే ఇరవై ఐదు. కిందటేడు రాజు, ఆల్విన్ అనే పాలడెయిరీ కుర్రాడు, డెబ్బై కొట్టి దర్జాగా కూర్చున్నాడు. ముంక్ అరుగెక్కడానికి వాల్బుర్గా చెయ్యి పట్టుకోవాల్సి వచ్చింది. వెనక ఎవడో "తాతయ్యకి కుర్చీ వెయ్యండ్రా" అన్నాడు. నవ్వారు.

మొదటిది ఇరవై నాలుగు. నవ్వులు తగ్గాయి.

రెండోది కాల్చాక గురి దగ్గరున్న మనిషి జెండా ఊపాడు. ఇరవై ఐదు. నా చేతులు చెమటకి తడిసి దొంగమూతి జారుతోంది. ఆప్రాన్‌కి తుడుచుకుని తగిలించాను, తోశాను, తీశాను. ముంక్ నా వైపు చూడలేదు. తుపాకీని ఎత్తి, దింపేశాడు. ఊపిరి తీసుకున్నాడు. మళ్ళీ ఎత్తాడు. బ్యాండు వాళ్ళు కూడా ఆగిపోయారు. ఆ ఒక్క క్షణం నాకు గెలుపు అక్కర్లేదనిపించింది, నాన్న ఇక్కడ ఉంటే చాలనిపించింది.

ఇరవై మూడు! మొత్తం డెబ్బై రెండు!

ఆ తర్వాత ఎవరు ఎవర్ని కౌగిలించుకున్నారో తెలీదు. ఆల్విన్ పరిగెత్తుకుంటూ వచ్చి తాతయ్యని భుజాన ఎత్తుకోబోయి ఎత్తలేకపోయాడు. రాజు గొలుసు తెచ్చి ముంక్ మెడలో వేశారు. ఫిక్ ఖాళీ బిళ్ళ, కుంచె తెచ్చి "ఎవరి గొట్టం?" అని ఆనవాయితీగా అడిగాడు, తెలిసినా.

"వెండెలిన్ హాక్!" అన్నాడు ముంక్. ఆ గొంతు డెబ్బై ఏళ్ళది కాదు.

రాజు గొలుసు వేసుకున్నాక మాట్లాడి గ్లాసు ఎత్తేదాకా ఇంకెవరూ నోరు తెరవకూడదు. మా ఆచారం. ముంక్ అరుగు మీద నిలబడి, జనం సద్దుమణిగేదాకా ఆగాడు. 

"ముప్పై రెండేళ్ళ కింద సరిగ్గా ఇక్కడే నిలబడి ఒక మాటన్నాను. హాక్ చెయ్యి అయిపోయిందన్నాను. మీలో సగం మంది విన్నారు, మిగతా సగం మీ నాన్నల దగ్గర విన్నారు. ఆ మాట తప్పు. ఆయన చెయ్యి బంగారం. ఇదిగో, ఇప్పుడు చూశారుగా. ఆ రోజు గొట్టం తప్పలేదు. రెండు తుపాకుల దొంగమూతులు తారుమారయ్యాయి. ఎమిల్ తుపాకీదీ నాదీ. ఎలా అయ్యాయంటే..."

చెప్పాల్సింది నేను. అందరి ముందూ నేనే చెబుతానన్నాను.

"...నేను మార్చాను. పొద్దున్నే బీరు తాగి రెండూ నేనే తుడిచాను. ఎమిల్ పక్కనే ఉండి జాగ్రత్త అన్నాడు, నేను వింటేనా. పాపం, వాడి ఆటా నేనే చెడగొట్టాను. ఫిక్, అలాగే రాసుకో."

ఫిక్ రాసుకుంటున్నాడు. నేను లేచి నిలబడ్డాను.

"కాదు! ముంక్ గారూ, అది నిజం..."

ఆయన మెడలో గొలుసు సర్దుకుని, అందరికీ వినబడేలా, మొదటిసారి నా కళ్ళలోకి సూటిగా చూసి అన్నాడు.

"కూర్చో అమ్మాయ్. రాజు మాట్లాడుతున్నాడు."

కూర్చున్నాను. నా జన్మలో అంత సంతోషంగా ఎవరి మాటా వినలేదు.